షాపులో చుట్టరికం లేదు

(కుట్టుషాపు. గుమ్మానికి అడ్డంగా తాడు. లోపల ఓనరు, ఆయన అక్క మొగుడైన టైలర్ మాస్టారు. ఇద్దరి మూతులకీ మాస్కులున్నాయి.)

"అది కాదు బామ్మర్దీ, నేను చెప్పేదేంటంటే..."

"ఆగు ఆగు. టైమెంత?"

"పదకొండు."

"షాపు తెరిచి ఉందా, మూసి ఉందా?"

"తెరిచే ఉంది."

"మరి బామ్మర్దీ ఏంటి? షాపు తెరిచి ఉన్నంతసేపూ చుట్టరికం లేదని ఎన్నిసార్లు చెప్పాను? పనివేళల్లో ఓనరు గారూ అనాలి."

"సరే ఓనరు గారూ. నా జీతం సంగతి."

"అబ్బ, బావా! మన మధ్య జీతాల మాటలేంటి బావా, పరాయివాళ్లలాగా!"

"ఇప్పుడు బావనయ్యానా?"

"నువ్వెప్పుడూ బావవే. అక్కని చేసుకున్నవాడివి, ఇంటి మనిషివి. ఇంటి మనిషి జీతం అడిగితే నలుగురూ నవ్వుతారు."

"నలుగురెక్కడున్నారు? ఒకచోట నలుగురు చేరకూడదని రూలు కదా."

"వెటకారమొద్దు. ఈ మాయదారి రోగం వచ్చాక ఒక్కడైనా సూటు కుట్టించుకున్నాడా? పెళ్లికి బట్టలిచ్చాడా? అందరూ ఇంట్లో కూర్చుని ఫోన్లో మీటింగులు. పైన చొక్కా, కింద నిక్కరు. పాంటు అనే మాటే మర్చిపోయింది లోకం."

"చొక్కాలన్నా కుట్టాం కదా."

"ఏం కుట్టాం! ఫోన్లో కాలరు వరకే కనపడుతుంది, కాలరు ఒక్కటే కుట్టివ్వండి అని బేరమాడలేదా ఆ కాలేజీ లెక్చరరు?"

"కుట్టానా మరి? మొత్తం చొక్కా అయితే కుడతాను, లేకపోతే లేదు అని మొహమ్మీదే చెప్పాను. పనంటే పనే."

"అదే నా ఖర్మ. ఆయన వెళ్లిపోయాడు, కాలరు డబ్బులూ పోయాయి."

"మాట మార్చకు. జీతం సగం చేశావు, సరేనన్నాను. రోగం తగ్గాక చూద్దామన్నావు, సరేనన్నాను. రోగం తగ్గలేదు, నూనె తగ్గలేదు, గ్యాసు తగ్గలేదు, ఇంటద్దె తగ్గలేదు. తగ్గింది నేనొక్కణ్ణే. ఈ పాంటు నడుం దగ్గర రెండుసార్లు లోపలికి కుట్టుకున్నాను."

"మంచిదేగా, పొట్ట పోయింది."

"నిన్న ఉల్లిపాయలకి వెళ్తే ఏడుపొచ్చింది."

"ఉల్లిపాయలకి ఎవరికైనా వస్తుంది బావా."

"కోస్తే రావాలి. నాకు ధర అడగ్గానే వచ్చింది."

"నేను మాత్రం ఊరుకున్నానా? సగం జీతంతో పాటు బోనస్ ఇవ్వట్లేదూ? ప్రతి శనివారం బస్తాడు గుడ్డ!"

"కత్తిరించగా మిగిలిన పీలికలు."

"పీలికలంటావేంటి! ఎంత ఖరీదైన గుడ్డల పీలికలో తెలుసా? బయట పారబోసే... అంటే, ఇంకొకడైతే పారబోసేవాడు. నేను నీ కోసం దాచిపెట్టి ఇస్తున్నాను."

"మీ అక్క వాటితో బొంత కుడతానంది."

"కుట్టిందా?"

"కుడుతూనే ఉంది. ఎప్పటికీ అవదే! బస్తాలకి బస్తాలు మింగుతోంది. చూస్తుంటే ఊరందరికీ కప్పేలా ఉంది."

"చూశావా! ఇంట్లో బొంత ఉంది, చలికి దిగుల్లేదు. ఇంక జీతమెందుకు?"

"బొంత కప్పుకుంటాం. తింటామా? ఇదిగో, ఇవాళ తేలాలి. మీ అక్క పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఒకటే మాట చెప్పింది. జీతం సంగతి అటో ఇటో తేల్చుకుని రండి, తేల్చుకోకుండా వస్తే తలుపు తియ్యను అంది."

"మరి ఎక్కడ పడుకోమంది?"

"ఇక్కడే. నీ బల్ల మీద."

"నా బల్లా! అది కొత్తది బావా!"

"రేపు తనే వచ్చి నీతో మాట్లాడతానంది."

"అక్కా? ఇక్కడికా? వద్దు. వద్దొద్దు. చిన్నప్పుడు బలపం దొంగిలించానని నా చెవి మెలేసింది. ఇప్పటికీ మాస్కు తాడు ఆ చెవికి ఆగదు."

"నిజం చెప్పాలంటే నాకూ అడగడానికి మొహమాటంగానే ఉంది. కొత్త మిక్సీ కొనిచ్చావట కదా, మీ అక్క చెప్పింది."

"మిక్సీయా? నేనా?"

"నువ్వు కాదా?"

"ఆ... నేనే. నేనే బావా. చెప్పొద్దన్నాను, చెప్పేసిందా! కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలీకూడదంటారు కదా."

"నీ కుడిచేతికి కూడా ఇప్పుడే తెలిసినట్టుంది."

"సరే బావా, సూటిగా మాట్లాడుకుందాం. పెంచుతాను. జీతం పెంచుతాను! కానీ నువ్వు ఆ ముక్కులు మానెయ్యాలి."

"ముక్కులు మానను."

"మాస్కుకి ముక్కు కొలత ఎవడైనా తీస్తాడా? ఈ భూప్రపంచంలో ఎక్కడైనా విన్నావా?"

"చొక్కాకి మెడ కొలవట్లేదూ? చెప్పుకి పాదం కొలవట్లేదూ? ముక్కేం పాపం చేసింది? అందరికీ ఒకటే ముక్కు ఇచ్చాడా దేవుడు? ఒకరిది సన్నం, ఒకరిది చప్పిడి. నీదైతే..."

"నాది వదిలెయ్."

"ఎలా వదలను, నీ ఒక్క మాస్కుకే జానెడు గుడ్డ ఎక్కువ పట్టింది."

"దూరం పాటించాలని ఆ కర్రకి టేపు కట్టావు. కర్ర తగిలి పోస్టుమాస్టారి కళ్లజోడు పగిలింది. ఎవరిచ్చారు కొత్త కళ్లజోడు? నేను!"

"ఆయన తుమ్మాడు. నేను హడలిపోయాను. ఈ రోజుల్లో అలా తుమ్ముతారా ఎవరైనా!"

"పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కుడితే నీ మిషను మీద పది మాస్కులు దిగవు. అవతల ఎవడో మహానుభావుడు మన రేటులో సగానికే కుట్టి మందుల షాపు నింపేస్తున్నాడు. వాడెవడో నా చేతికి చిక్కాలి! అసలు గుడ్డ ఎక్కణ్ణుంచి తెస్తున్నాడో! ఎవడో ఊరికే పోసినట్టు అమ్ముతున్నాడు!"

"నాసిరకం అయ్యుంటుంది."

"అయితే ఏం, జనం కొంటున్నారు. బావా, విను. ముక్కులు మానెయ్, టకటకా కుట్టెయ్. పాత జీతం ఇచ్చేస్తాను."

"పూర్తిగానా?"

"పూర్తిగా. నూనె ధర చూసి ఇంకాస్త పైన వేసి. ఇవాళ్టి నుంచే. అక్క తలుపు తీస్తుంది, నా బల్ల నాకుంటుంది."

"పూర్తిగా... ఇంకాస్త పైన వేసి..."

"ఊఁ అను బావా."

"గాలి పక్కల నుంచి దూరిపోతుంది బామ్మర్దీ. వాడు పాపం మూతికి గుడ్డ కట్టుకున్నాను, నాకేం కాదు అనుకుంటాడు. రోగం సందుల్లోంచి దర్జాగా వెళ్లి కూర్చుంటుంది. రేపు అద్దంలో నా మొహం నేనెలా చూసుకోను?"

"మాస్కు పెట్టుకుని చూసుకో."

"వద్దులే. నీ బల్ల మీదే పడుకుంటాను. దుప్పటి ఏదైనా ఉందా?"

"ఓనరు గారూ, ఉన్నారాండీ?"

"తాడు దగ్గరే ఆగండి! ఎవరూ... ఓహో, మందుల షాపు గారా! రండి రండి. అంటే, రాకండి, అక్కడే ఉండండి. ఆర్డరు ఇవ్వడానికి వచ్చారా?"

"మానుకోవడానికండీ. మీ మాస్కులు ఇంక వద్దండీ. ఇంకోచోట సగానికే వస్తున్నాయి. చెప్పకుండా మానేస్తే బాగుండదని..."

"సగానికి వచ్చేవి రెండు ఉతుకులకే ఊడిపోతాయండీ!"

"ఊడట్లేదండీ. పైగా ముక్కు కొలతకి కుడుతున్నారు."

"ముక్కు కొలతా!"

"ఎవరి మాస్కు వాళ్లదే. ఇదిగో, నాది చూడండి, ఎలా అతుక్కుపోయిందో. వింతేమిటంటే వాళ్లు నా ముక్కు కొలవనే లేదు."

"నేను కొలిచానుగా ఆ మధ్య, కర్రతో."

"ఆ, మీరు కొలిచారు మాస్టారూ. వాళ్లు కొలవలేదు. అయినా సరిపోయింది!"

"కొత్తది ఉంటే ఒకటి ఇలా ఇవ్వండి. ఈ కర్ర చివర తగిలించండి... ఆ, వచ్చింది. అబ్బ! ఏం కుట్టు ఏం కుట్టు! రెండు వరుసలు. లోపల అస్తరు. ఎవరోగానీ ఆ చేతులకి దండం పెట్టాలి బామ్మర్దీ."

"శత్రువుకి దండం పెడతావేంటి! ఇటియ్యి. హుఁ, ఏముంది ఇందులో... ఆగు. ఈ నీలం చారలు ఎక్కడో చూశాను."

"బ్యాంకు మేనేజరు చొక్కా. నేనే కత్తిరించాను."

"ఈ అస్తరు?"

"డాక్టరు గారి కోటు లోపలిది. మిగిలింది... మిగిలింది..."

"మిగిలింది ఏమైంది?"

"శనివారం బస్తాలో వేశావు."

"బస్తా ఎవరికిచ్చాను?"

"నాకు."

"నువ్వెవరికిచ్చావు?"

"మీ అక్కకి. బొంతకి."

"మందుల షాపు గారూ, ఈ మాస్కులు మీకెవరిస్తున్నారండీ?"

"ఒకావిడండీ. పేరు చెప్పొద్దన్నారు. మహా గట్టి మనిషి. కాస్త తగ్గించమని అడగబోతే నా చెవి వైపు అదోలా చూశారు."

"అక్కే!"

"అయితే ఆ చప్పుడు నిజమేనా?"

"ఏ చప్పుడు బావా?"

"పడుకుంటే చాలు, టకటకా మిషను చప్పుడు. ఏంటే అదంటే, పగలంతా కుట్టి కుట్టి మీ చెవుల్లో ఉండిపోయిందండీ, పడుకోండి అంటుంది మీ అక్క. పనంటే నాకెంత శ్రద్ధో, నిద్రలో కూడా వదలట్లేదు అని నాలో నేనే మురిసిపోయాను."

"మురిశావులే! ఫోన్ చెయ్యి. స్పీకరు పెట్టు."

"చేస్తున్నాను... ఏమే, నేనే."

"తేలిందాండీ?"

"అది తర్వాత. బొంత ఎంతవరకు వచ్చింది?"

"...మందుల షాపాయన అక్కడున్నాడా?"

"ఉన్నాడు."

"ఆయన నోట్లో నువ్వుగింజ నానదని తెలుసు. పోనీలెండి, తెలిస్తే తెలిసింది. మీరు మేలుకుంటే కుట్టనివ్వరు కదా, ఆ కుట్టు ఇలా కాదు, ఈ కుట్టు అలా కాదు అని."

"కుట్టు బాగుందే. చాలా బాగుంది. మరి ముక్కుల కొలతలు ఎవరిచ్చారు?"

"మీరే."

"నేనా! ఎప్పుడు?"

"రోజూ నిద్రలో. పోస్టుమాస్టారు సన్నం, రెండు వేళ్లు వదులు... మందుల షాపు మూడు వేళ్లు, కొసన వంకర... అని ఒకటే కలవరింత. మీరు చెబుతూ ఉంటే నేను కత్తిరించుకుంటూ పోతాను."

"నా ముక్కు వంకరాండీ మాస్టారూ?"

"కొంచెమేనండీ. మాస్కు పెట్టుకుంటే తెలీదు."

"అక్కా! ఇది అన్యాయం అక్కా! నా గుడ్డ! నా మాస్టారి కొలతలు! నా మందుల షాపు!"

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వూ వింటున్నావా? విను, మంచిదే. ఆ గుడ్డ నీదెలా అవుతుందిరా? జీతం కోసేసి, బోనస్ అని నువ్వేగా ఇచ్చావు! సగం జీతంతో ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందని ఒక్కరోజైనా అడిగావా? పైగా నీ పరువు పోకూడదని, నా డబ్బుతో కొన్న మిక్సీ నువ్విచ్చావని మీ బావకి చెప్పాను."

"నేనే ఇచ్చానన్నాడే వీడు!"

"అన్నాడా? ఆ చెవి చాల్లేదన్నమాట, రెండోది కూడా మెలెయ్యాల్సింది. సరే, మీ సంగతి చెప్పండి. జీతం పెంచాడా లేదా?"

"ముక్కులు మానేస్తే పెంచుతానన్నాడు."

"మీరేమన్నారు?"

"మాననన్నాను. తిడితే తిట్టు. దుప్పటి ఒకటి పంపించు, ఇక్కడే పడుకుంటాను."

"ఆ మాట అంటారని నాకు తెలుసండీ. ఇక్కడ నా మిషను పక్కనే, కిటికీ దగ్గర మీకు ఇంకో మిషను వేయించాను. ఇంటికి రండి. పూర్తి జీతం. నూనె పెరిగినప్పుడల్లా జీతం పెరుగుతుంది. ఎన్ని ముక్కులైనా కొలుచుకోండి, అడిగేవాడు లేడు."

"ఏమే... నాకు ఏడుపొస్తోందే."

"మళ్లీ ఉల్లిపాయల ధర అడిగారా?"

"లేదే. నిజంగానే వస్తోంది. బామ్మర్దీ, ఈ కత్తెర నీది, ఈ మిషను నీది. కర్ర మాత్రం నాది, తీసుకుపోతున్నాను."

"బావా! బావా ఆగు! ఇంటి మనిషివి, ఇలా వదిలేస్తావా? నాకు గుండీ కుట్టడం కూడా రాదు బావా!"

"నేనూ వెళ్తానండీ ఓనరు గారూ. మాస్టారూ, ఆగండి, ఆ వంకర సంగతి తేల్చి వెళ్లండి!"

"ఇద్దరూ పోయారు. షాపు అద్దె ఎవడు కడతాడు? గుడ్డ అప్పు ఎవడు తీరుస్తాడు? అక్కా... అక్కా, లైన్లో ఉన్నావా? బావ ఫోను ఇక్కడే మర్చిపోయాడు."

"ఉన్నాను, చెప్పు."

"నీ దగ్గర... ఇంకో మనిషికి ఏమైనా పని ఉంటుందా?"

"నీకేం వచ్చురా?"

"గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం."

"అక్కడ నేను కూర్చుంటాను. పీలికలు ఏరాలి, దారాలు తెంపాలి, ఆ పనుంది. సగం జీతం, శనివారం బస్తాడు ముక్కలు."

"ముక్కలు నేనేం చేసుకోను అక్కా?"

"బొంత కుట్టుకో."

"అక్కా! సొంత తమ్ముణ్ణి అక్కా!"

"టైమెంతరా?"

"పదకొండున్నర."

"మరి అక్కా ఏంటి? పనివేళల్లో ఓనరు గారూ అనాలి."