తెరని నమ్మకు, అక్కా

హలో… ఆ, నేనే అక్కా. వార్డులోనే ఉన్నావా? … నవ్వకు, ముందు నా మాట విను. మీ గుండె మానిటర్లు ఉన్నాయి చూడు, వాటిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మేం రాసిందే. దాని కెర్నెల్లో, అంటే అన్నిటినీ నడిపే నడిమి భాగంలో, పొద్దున ఓ తప్పు దొరికింది.

… అలారం మోగే క్షణంలోనే నెట్‌వర్క్ వైరు ఊడితే మానిటర్ బిగుసుకుపోతుంది. … డెడ్‌లాక్ అంటాం. లోపల రెండు పనులు, రెండు తాళాలు. దీని చేతిలోది అది వదలమంటుంది, దాని చేతిలోది ఇది వదలమంటుంది. ఎవరూ వదలరు. తెర మాత్రం పాత అంకె చూపిస్తూనే ఉంటుంది.

… వైర్లా? ఇవాళే మారుస్తున్నారా? … ఆ వైర్లబ్బాయిని ఆపమను! గట్టిగా అరిచి చెప్పు!

… ఆపాడా? సరే, ఒక్కో తెరా చూడు. దాని మూలనున్న గడియారంలో సెకన్లు కదులుతున్నాయా? … ఊఁ… ఊఁ… ఏది కదలట్లేదూ? కిటికీ పక్క పెద్దాయనదా? … ఇందాక అలారం ఒక్క కూత కూసి ఆగిపోయిందా? తెర మీద డెబ్బై రెండే ఉందా? అక్కా, ఆ అంకె అబద్ధం! తెర కాదు, మనిషిని చూడు. నాడి పట్టుకో!

… అక్కా?

… అక్కా! ఎవరా అరిచేది? డాక్టరమ్మేనా?

… 

… ఆ, ఉన్నా, ఉన్నా. … పెద్దాయన ఊపిరి తీసుకుంటున్నారా? నిజంగా?

… ఆ తప్పా? ఇందాకే సరిచేశాను. ఇక ఏ పనైనా తాళాలు ఒకే వరసలో తీసుకోవాలి. మొదటిది దొరక్కపోతే రెండోదాని జోలికి వెళ్ళకూడదు. … ఉండు, ఇక్కడ మా ఆఫీసు మానిటర్‌లోకి ఎక్కించా. క్లిప్పు నా వేలికే పెట్టుకున్నా. అలారం మోగుతోంది, వినిపిస్తోందా? … వైరు పీకుతున్నా—

గడియారం కదులుతోంది! అక్కా, కదులుతోంది! … నా నాడా? నూట ముప్పై. మరి భయం కాదూ!

… మీ మానిటర్లలోకి వెంటనే రాదు. మా పెద్దసారు ఒప్పుకోవాలి, తర్వాత మీవాళ్ళు ఎక్కించాలి. అందాకా అందరికీ చేత్తోనే నాడి చూడండి. ఒక్క మంచం కూడా వదలొద్దు.

… ఏంటీ? … పై అంతస్తులో వైర్లు ఇందాకే మార్చేశారా? … పసిపిల్లల వార్డా?

… పరిగెత్తు. నాకేం చెప్పకు అక్కా, ఫోను పెట్టేసి పరిగె—