ఎనిమిదో తరగతి చెంపకాయ

1979. వానాకాలం. రాజోలు తాలూకాలో ఒక హైస్కూలు, హెడ్మాస్టరు కృపారావు గది. బల్లకి ఇవతల సువర్ణ నిలబడి ఉంది. ఆమె కూతురు సుందరి కుడిచేతికి పిండికట్టుతో తలుపు దగ్గర ఉంది.

“అందుకే చెప్తున్నా సువర్ణా, ముందు పిల్లని బయట నిలబెట్టు. పెద్దవాళ్ళ మాటలు దానికెందుకు?”

“ఉండనివ్వండి మాస్టారండి. చెయ్యి దానిదే కదండి.”

“పోనీ నువ్వు కూర్చో.”

“నిలబడే అడుగుతానండి. కూర్చుంటే మొన్నట్లాగే టీ తెప్పిస్తారు. టీ తాగేక అడగాల్సింది మర్చిపోయి ఇంటికి పోతాను.”

“సరే. ఏం అడగాలి?”

“ఈ చెయ్యి ఇరిచినోళ్ళని ఏం చేసేరని.”

“విరిచేరని ఎవరన్నారు? కాలవ దాటుతుంటే దుంగ మీంచి జారింది. వానలకి తాటిదుంగ పాకుడు పట్టి ఉంది. పంచాయతీ వాళ్ళకి చెప్పేను కూడాను, పక్కన పట్టుకోడానికి ఒక గెడ కట్టించమని.”

“నిరుడూ అదే దుంగండి, అదే పాకుడు. మా అత్త నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని దాటుద్దండి దాన్ని. కాకపోతే మా అత్త దాటేప్పుడు అవతలి గట్టున కూర్చుని దుంగ ఊపేవాళ్ళు లేరు. మధ్యకొచ్చేక ఎదురొచ్చి, ‘ఈ చెయ్యేనా మా బుల్లబ్బాయిని కొట్టింది’ అని ఎనక్కి మెలిపెట్టేవాళ్ళూ లేరు.”

“ఎవరు చూసేరు?”

“చెయ్యి చూసిందండి.”

“సువర్ణా. కాస్త నెమ్మది. మనం మనం ఒకటి. ఆదివారం ఒకే చర్చిలో కూర్చుంటాం.”

“ఆయ్. మీరు ముందు కుర్చీలోనండి, మేం చాప మీద.”

“ఆ వెటకారమే వద్దు. నేను నీకు శత్రువునా? నీ కూతుర్ని ఈ బళ్ళో చేర్చింది నేను. మీ ఆయన అబ్రహాం వద్దంటే మీ ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఒప్పించింది నేను. అవునా కాదా?”

“అవునండి. అందుకే పోలీసు స్టేషనుకి పోకుండా మీ దగ్గరికొచ్చేను.”

“పోలీసు స్టేషనా?”

“మాట వరసకన్నానండి. మీరు పనిచేస్తే దాంతో పనేముంది?”

“అసలు మొదలెక్కడో చూడు. ఈ బడి పద్ధతి నీకు కొత్త కాదు. లెక్క చెప్పలేనివాళ్ళు వరసలో నిలబడతారు. చెప్పినవాళ్ళు ఒక్కొక్కరి ముక్కు పట్టుకుని చెంప మీద ఒకటి వేస్తారు. నా చిన్నప్పుడూ ఇంతే. దానివల్ల పట్టుదల వస్తుంది. ఆ రోజు లెక్కల పిరియడు నాదే. నీ కూతురు లెక్క చెప్పింది. ఆరుగురు చెప్పలేకపోయేరు. అయిదుగురిని తాకీ తాకనట్టు తాకింది. ఆరోవాడు ప్రెసిడెంటు గారి బుల్లబ్బాయి. వాడి చెంప మీద వేళ్ళు తేలేయి. ఇంటికెళ్ళేక కూడా పోలేదు. మరి వాడికి రోషం రాదా?”

“అదేనండి నాకు అర్థం కానిది. ఇది కోళ్ళని కూడా గట్టిగా అదిలించదండి. ఎందుకు అంత దెబ్బ కొట్టేవే అంటే గోడకేసి తిరుగుద్ది. నిన్న మొన్నటిదాకా సాయంత్రం మీ సంచీ మోసుకుని మీ ఇంటిదాకా వచ్చేది. ఇప్పుడు చర్చిలో మీరు కనబడితే నా ఎనక దాక్కుంటంది.”

“చిన్నపిల్ల. బెదిరింది.”

“మిమ్మల్ని చూసి ఎందుకు బెదరాలండి?”

“నన్నని కాదు. అందర్నీ. నువ్వు మాట తప్పిస్తున్నావు.”

“నేనా అండి తప్పించేది? బెంచీ మీద పల్లేరుకాయలు పోసేరు. వచ్చి చెప్పేను. బెంచీ మార్చేరు. పోసినోళ్ళని కాదు, దీన్ని. ఆఖరి బెంచీలో కూర్చోబెట్టేరు. తరవాత సంచీ కాలవలో పారేసేరు. వచ్చేను. కాలవ దాటొద్దు, చుట్టూ తిరిగి రోడ్డు మీంచి రమ్మనమన్నారు. వానకి ఆ రోడ్డు మునిగితే మళ్ళీ దుంగే దిక్కయిందండి. అది నోరు విప్పితే చాలు ‘చెంపకాయా’ అని అరుస్తున్నారండి అన్నాను. దాన్ని ప్రశ్నలడగడం మానేసేరు.”

“గొడవ తగ్గాలనే.”

“తగ్గేక ఇదిగోనండి, చెయ్యి ఇరిగింది.”

“వాళ్ళని మందలించలేదనుకుంటున్నావా?”

“ఏమని మందలించేరండి?”

“జాగ్రత్తగా ఉండమని.”

“ఎవర్ని?”

“అందర్నీ. క్లాసులో అందర్నీ కలిపి చెప్పేను. ఒక్కణ్ణి లేపి అంటే బాగుండదు కదా.”

“అందరికీ ఇరగలేదు కదండి చెయ్యి.”

“చూడమ్మా, నా మాట విను. నేనూ ఈ బళ్ళోనే చదివేను. ఈ గోడ అవతల గదిలోనే. మన పేట నుంచి నేనొక్కణ్ణే. తెలిసిన లెక్క కూడా తెలీదనేవాణ్ణి. వరసలో నిలబడి ముక్కు పట్టించుకునేవాణ్ణి. ప్రెసిడెంటు త్రిమూర్తులు గారు నా క్లాసే. నా చెంప మీద ఆయన వేళ్ళు ఎన్నిసార్లు తేలేయో నాకు తెలుసు. నోరెత్తలేదు. పరీక్షలో మట్టుకు రాసేవాణ్ణి. ఏమైంది? ఇవాళ ఈ కుర్చీలో ఎవరున్నారు?”

“మరి ఆ కుర్చీలో కూర్చున్నాక కూడా తెలీదనే అంటున్నారేంటండి?”

కృపారావు బల్ల సొరుగు లాగి ఒక పుస్తకం బయటికి తీశాడు.

“తప్పుగా అన్నానేమో. చదువుకున్నదాన్ని కాదు.”

“అమలాపురంలో మిషన్ హాస్టలు ఉంది. అక్కడి పాస్టరయ్యగారికి నేను చెప్తాను. ఫీజు లేకుండా చూస్తారు. ఇవాళే టీసీ రాసిచ్చేస్తా. మంచి చదువు, మంచి తిండి. నలుగురూ మనవాళ్ళే ఉంటారు.”

“టీసీ ఎవరికండి?”

“సుందరికి.”

“నేనేదో మెలిపెట్టినోళ్ళకి రాస్తున్నారేమో అనుకున్నాను.”

“ప్రెసిడెంటు గారబ్బాయికి టీసీ ఇస్తే రేపు నేనెక్కడుంటానో తెలుసా? ఏజెన్సీ అడవుల్లో ఉంటాను.”

“అక్కడ కూడా పిల్లలుంటారు కదండి చదువుకునేవాళ్ళు.”

“సువర్ణా.”

“నేను టీసీ తీసుకోనండి. ఇది ఇంటికి దగ్గర బడి. సర్కారు బడి. దీనికి లెక్కలొచ్చు. ఇక్కణ్ణించి పంపెయ్యడానికి దీంట్లో తప్పేదో ఒక్కటి చెప్పండి, ఇప్పుడే తీసుకుపోతాను.”

బయట మోటారు సైకిలు ఆగింది. కృపారావు కుర్చీలోంచి లేచాడు. పంచాయతీ ప్రెసిడెంటు త్రిమూర్తులు లోపలికి వచ్చి, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చున్నాడు. సువర్ణ నిలబడిన చోటు నుంచి కదలలేదు.

“కూర్చోండి మాస్టారూ, మీ కుర్చీయే కదా. ఏంటి, తేలలేదా ఇంకా? అక్కడ దొడ్లో కొబ్బరికాయ దింపు నడుస్తోంది. సాయంత్రానికి లారీ అంబాజీపేట చేరాలి.”

“తేలిపోయినట్టేనండి. హాస్టలుకి పంపుతానంటోంది.”

“నేననలేదండి.”

“ఏమే సువర్ణా. అబ్రహాం మా లారీకే కదా కాయ ఎత్తేది?”

“ఆయ్. ఇవాళ కూడా అక్కడే ఉన్నాడండి. రేపట్నించి వద్దంటే ఐనవిల్లిలో కూడా లారీలున్నాయండి. కాయ బరువు ఎక్కడైనా ఒకటే.”

“వద్దంటానని నేనన్నానా? నువ్వే అనేసుకుంటున్నావు. నాకు నీమీదా కోపం లేదు, ఆ పిల్లమీదా లేదు. దుంగ మీద ఏం జరిగిందో నాకు తెలీదు. పిల్లలన్నాక కొట్టుకుంటారు. ఆస్పత్రి ఖర్చు ఎంతైతే అంత పంపిస్తాను.”

“కట్టు ఊరికే వేసేరండి రాజోల్లో.”

“మంచిది. నా బాధల్లా ఒకటే. ఆడపిల్ల చేత, అందులోనూ… సరేలే. మా వాడు తల దించుకు తిరుగుతున్నాడు. వాళ్ళమ్మ రెండ్రోజులు అన్నం తినలేదు. అందుకని పెద్దరికంగా ఒక మాట చెప్తాను. రేపు ప్రార్థనలో, అందరి ఎదురుగా, మా వాడు ఈ పిల్ల చెంప మీద ఒకటి వేస్తాడు. గట్టిగా కాదు. ఊరికే తాకిస్తాడు. సరికి సరి. ఆ తరవాత దాని చదువు అది చదువుకోవచ్చు. టీసీ గీసీ ఏం అక్కర్లేదు. వాణ్ణి దుంగ దగ్గరకి పోవద్దని నేను చెప్తాను.”

“పెద్ద మనసండి మీది. బడికి గొడవ తప్పుతుంది.”

“ఏమంటావు సువర్ణా?”

“కొట్టించండి.”

“చూసేరా మాస్టారూ. చెప్పేవాళ్ళు చెప్తే వింటారు.”

“కాకపోతే బడి పద్ధతిలోనండి. మాస్టారు ఇందాకే చెప్పేరు, ఇది పట్టుదల రావడానికి పెట్టిన పద్ధతంట. రేపు ప్రార్థనలో ఒక లెక్క ఇవ్వమనండి. దీనికి రాక మీ అబ్బాయికి వస్తే, దీని ముక్కు నేనే పట్టుకుంటాను. చెంప మీ అబ్బాయి ఇష్టం.”

“నోరు చూసేరా మాస్టారూ?”

“సువర్ణా, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?”

“తెలుసండి. ఆరోవాడి నాన్నగారితో.”

“మీరు మెత్తగా ఉండబట్టే ఇంత వచ్చింది మాస్టారూ. మనం చదువుకున్న రోజుల్లో ఎలా ఉండేది? మీ చెంప నేనెన్నిసార్లు వాయించి ఉంటాను? ఒక్కనాడన్నా కిక్కురుమన్నారా? మీ నాన్న వచ్చి ఇలా బల్ల ముందు నిలబడ్డాడా? అదీ బుద్ధంటే.”

“ఆ ఊసులిప్పుడు ఎందుకండి.”

“నవ్వుకోడానికే మాస్టారూ. మీరు నవ్వట్లేదేంటి?”

“నవ్వుతూనే ఉన్నానండి. ఇదిగో సువర్ణా, నీ పంతం కోసం పిల్లని బలిపెట్టకు. నువ్వు ఇంటికెళ్ళి తాళ్ళు పేనుకుంటావు. రోజూ ఇక్కడికి రావలసింది అది. దాన్నే అడుగుదాం. అది ఊ అంటే టీసీ రాస్తాను. సరేనా?”

“అడగండి.”

“సుందరీ, ఇలా రామ్మా. భయం లేదు. హాస్టలుకి వెళ్తావు కదూ? మాట్లాడక్కర్లేదు. తల ఊపు చాలు.”

“నోటితో చెప్పనివ్వండి మాస్టారండి. వారమైంది అది నోరు విప్పి.”

“నేనడిగినదానికి మట్టుకే చెప్పు. వెళ్తావా, వెళ్ళవా?”

“వెళ్ళనండి.”

“అమ్మ నేర్పిందా?”

“లేదండి.”

“అయితే మా వాడికి ప్రార్థనలో క్షమాపణ చెప్పు పిల్లా. చెంప సంగతి వదిలేస్తాను.”

“ఒకదానికైతే చెప్తానండి. మొదటిదానికి. అది నేను కొట్టిందండి.”

“మొదటిదేంటి? ఎన్ని కొట్టేవు?”

“సుందరీ, ఇక చాలు. బయటికెళ్ళు.”

“ఉండండి మాస్టారూ. నేనడుగుతున్నాను కదా. ఎన్ని కొట్టేవే?”

“రెండండి. మొదటిది మెల్లిగానే కొట్టేనండి, అందరికీ కొట్టినట్టే. అప్పుడు మాస్టారు నన్ను బల్ల దగ్గరికి పిలిచేరండి. నా చెంప మీద ఒకటి కొట్టి, ‘ఇలా కొట్టాలి’ అన్నారండి. మళ్ళీ వెళ్ళి కొట్టమన్నారండి.”

“అది… అది ఎప్పుడూ ఉన్న పద్ధతేనండి ప్రెసిడెంటు గారు. మెల్లిగా కొడితే, ఎలా కొట్టాలో చూపించడం…”

“ముందు అయిదుగురినీ మెల్లిగానే కొట్టేనండి. వాళ్ళప్పుడు పిలవలేదండి.”

“మాస్టారూ?”

“చిన్నపిల్లండి. ఏదో కల్పించి…”

“నాకెందుకు చెప్పలేదే ఇన్నాళ్ళూ?”

“చెప్పొద్దన్నారమ్మా. చెప్తే నాన్న పని పోతుందన్నారు. మనవాళ్ళ మర్యాద పోతుందన్నారు.”

“కృపారావూ, నన్ను చూసి చెప్పు. నా కొడుకుని కొట్టించేవా నువ్వు?”

“మీ అబ్బాయికి తగిలిన దెబ్బ మాస్టారిదండి, ప్రెసిడెంటు గారు. ఆయన పెద్దయ్యేక కూడా మిమ్మల్ని కొట్టలేక నా చేత మీ అబ్బాయిని కొట్టించేరు. రేపు నేను బడికొస్తానండి. మాస్టారు ఏ లెక్క అడిగినా జవాబు చెప్తాను. కొట్టేది మట్టుకు ఇక ఆయనే కొట్టుకోవాలండి.”