వెనక గేటు నుంచి కొలిస్తే

నమ్మవు కదా? నమ్మకు. కానీ మేవ్, ఇవాళ లంచ్‌లో మన కౌన్సిలర్ ప్రూడమ్ సూటేసుకొచ్చి, కర్రకి చక్రం తగిలించుకుని, మన స్కూలు ముందు రోడ్డు కొలిచాడే. బొమ్మబండి తోసుకెళ్లే పిల్లాడిలా. వెనకాల పదిమంది పేరెంట్స్, ఫోన్లు పట్టుకుని.

ఎందుకేంటి? ఆ సెంటర్ లేదూ, నర్సు కళ్లముందు కూర్చుని డ్రగ్స్ ఎక్కించుకునేది. స్కూలుకి రెండొందల మీటర్ల లోపుంటే మూసెయ్యాలట, కొత్త రూలు. నువ్వు ఊరు మారాక టౌన్‌హాల్లో రోజూ ఇదే గోల. ఒకళ్లు పిల్లలు పిల్లలు అని ఏడుపు, ఇంకొకళ్లు ప్రాణాలు ప్రాణాలు అని లెక్చరు. వీళ్లలో ఒక్కడైనా ఆ తలుపు తీసి లోపలికెళ్లాడా? మొహాలు.

సరే విను. మెయిన్ గేటు నుంచి రెండొందల ఆరొచ్చింది. ఆయన మొహం చూడాల్సింది నువ్వు. మళ్లీ తోశాడు. మళ్లీ అంతే.

నాకు నోరాగదు కదా. "హాకీ రింకు వెనకాల స్కూలుకి ఇంకో గేటుంది సార్, అది కూడా తెలీదా?" అనేశా. వెక్కిరిద్దామని, అంతే.

అక్కణ్నించి నూట ఎనభై ఎనిమిది.

చప్పట్లు కొట్టారే. నాకు.

ఆ దారి నాకెలా తెలుసా? మా గ్రేడీ వల్ల. అవును, మా అన్నే. ఆల్బర్టాలో ఉద్యోగం అని నీకు చెప్పిందంతా అబద్ధం. రోజూ లంచ్‌లో ఆ గేటులోంచే సెంటర్ దాకా వెళ్లి వాడికి శాండ్‌విచ్ ఇచ్చొస్తా. పోయిన చలికాలం రెండుసార్లు ఊపిరాగిపోతే అక్కడి నర్సే బతికించింది. అది మూసేస్తే వాడేం మానేస్తాడా? డోనట్ షాపు బాత్రూంలో గడియ పెట్టుకుంటాడు. అక్కడ ఊపిరాగితే ఎవడు చూస్తాడు, ప్రూడమా?

ఆ ఏడుపు బొమ్మలు పంపకు. చిరాకు నాకు.

ఇంకోటి చెప్పనా? ఇందాక వాడు రోడ్డవతల నిలబడున్నాడు, ఈ తోపుడంతా దూరం నుంచి చూస్తూ. చప్పట్లయ్యాక వెళ్లి శాండ్‌విచ్ ఇచ్చా.

"ఎంతొచ్చిందే?" అన్నాడు.

"రెండొందల ఆరు."

"అమ్మయ్య," అని నా జుట్టు చెరిపి, మెట్టు మీద కూర్చుని తినడం మొదలెట్టాడు. ఎన్నాళ్లయిందో వాడు మొత్తం తిని.

అబద్ధమేం కాదుగా. మెయిన్ గేటు లెక్క అదేగా.

ఆగు, ప్రూడమ్ కేకేస్తున్నాడు. పేపర్‌కి ఫోటో అట, వెనక గేటు దగ్గర. నన్ను మధ్యలో నిలబడమని