పాత్ర తాగిన వేడి

ఆమె ల్యాబ్‌లో వేడిని కొలిచే కెలోరీమీటర్ పాత్ర కడుగుతోంది. ఎనిమిదేళ్ల కిందట ఆమె చేత పరిశోధన చేయించిన ప్రొఫెసర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన గొంతులో అంత తేనె ఆమె ఎన్నడూ ఎరగదు.

"ఏమ్మా, బాగున్నావా? మన పేపర్‌లో ఎంట్రోపీ విలువ తప్పని ఎవరో జర్నల్‌కి రాశారు."

"మన పేపరా సార్? అందులో మీ పేరొక్కటే ఉందిగా."

"రీడింగులు తీసింది నువ్వే కదమ్మా! పాత్ర తాగిన వేడిని లెక్కలో కలపలేదట."

"నేను కలిపాను సార్. అలా కలిపితే మీ సిద్ధాంతానికి సరిపోవట్లేదని మీరే కొట్టేశారు. 'గిన్నె ఎంత, అది తాగే వేడెంత' అన్నారు కూడా."

"గతం గతః. సవరణ ప్రకటనలో నీ పేరు వేయిద్దామనుకుంటున్నా."

ఆమె చేతులు ఆగిపోయాయి. ఆ పేజీలో తన పేరు కోసం ఎన్నేళ్లు కళ్లు కాయలు కాచాయో ఆమెకే తెలుసు.

"ఏమని వేయిస్తారు సార్?"

"ఆ లెక్క కట్టింది నువ్వని."

ఆమె చేతులు తుడుచుకుని అల్మరాలోంచి పాత నోట్‌బుక్ తీసింది.

"తప్పకుండా వేయించండి. పక్కనే ఈ పేజీ కూడా వేయించండి. ఏది కొట్టేసినా కింద సంతకం పెట్టాలన్న రూలు మీదే. ఇదిగో, పెట్టారు."