మైకులో చెప్పని మాట

శనివారం మధ్యాహ్నం. సుమ్మాదేవి స్టేషనుకు అవతల పేటలో సువర్ణమ్మ ఇంటి వసారా. ఆసుపత్రి నుంచి ఆ ఉదయమే వచ్చి ఆమె మంచం మీద పడుకుని ఉంది. పలాస సినిమాహాలు ప్రచారానికి మైకు ఆటో తిప్పే లూకా, ఆమెను అక్క వరసన ‘అప్పా’ అని పిలిచేవాడు, గుమ్మం దాటి లోపలికి రాలేక అక్కడే నిలబడ్డాడు.

“అదే సెప్తన్నాను అప్పా, తప్పు కాయితానిది.”

“కాయితానిదా.”

“కాయితానిదే. మేనేజరు గౌరీశంకర్ ఇచ్చిన కాయితం. అందులో ఏటుంటే అదే మైకులో సదివినాను.”

“నువ్వు సదివినావు.”

“మూడో క్లాసు సదువు గదా. కూడబలుక్కుని సదివినాను.”

“కూసోరా లూకా. నిలబడి అబద్ధమాడితే కాళ్ళు పీకుతాయి.”

“కూసుంటాను. ఇవెక్కడ ఎట్టమంటావు?”

“ఏటవి?”

“బొండాలు. మన సెట్టువే. నాలుగు.”

“రోజుకి మూడు గ్లాసుల నీళ్ళు కొలిసి తాగుతాను నేను. కిడ్నీ పోయినోళ్ళు బొండాం నీళ్ళు ముట్టకూడదని ఈ ఉద్దానంలో సంటిపిల్లడిక్కూడా తెలుసు. నువ్వు నాలుగు తెచ్చినావు.”

“తెలుసప్పా. సేతులూపుకుంటూ రాలేకపోయినాను.”

“సేతులూపుకుంటూ నన్ను సూడ్డానికి ఆసుపత్రిలోకి వచ్చినా బాగుండును.”

“గేటుదాకా వచ్చినాను.”

“తెలుసు. మా మనవరాలు అనూష సూసింది. ఆటో మీద అంత సినిమా బొమ్మెట్టుకుని దాక్కుంటే దాగుతావేటి.”

“ఏటన్నాది?”

“లూకా తాత గేటుకాడ టీ తాగీసి ఎలిపోనాడు మామ్మా, అన్నాది.”

“టీ తాగలేదు. ఊరికే నిలబడ్డాను.”

“సరే. తప్పు కాయితానిదన్నావు. ఏదీ ఆ కాయితం?”

“పారేసినాను.”

“నా దగ్గరుంది. తలగడ కింద. తియ్యి.”

“ఎందుకులే అప్పా ఇప్పుడు.”

“తియ్యి. ఇటియ్యి. ఆ కళ్ళజోడు కూడా అందుకో. ఇదిగో, విను. ‘ప్రపంచ ప్రఖ్యాత గాయని అలోరా. సంగీత ప్రదర్శన చిత్రం. పెద్ద తెర మీద. రోజూ మూడు ఆటలు.’ చిత్రమని ఉంది. ఆటలని ఉంది. ప్రార్థన కూటమని ఎక్కడుందిరా?”

“లేదు.”

“మరి కూటమని ఎవులన్నారు?”

“ఈ కాయితం ఎప్పట్నించి ఉంది నీ దగ్గిర?”

“నేనడిగినదానికి సెప్పు ముందు. ఎవులన్నారు?”

“నేనే.”

“వినపడలేదు.”

“నేనే అన్నాను. మైకులో. మన పేటలోనే, మన గుడి ముందరే.”

“ఊఁ. ఇప్పుడు కూసో.”

“కూసునే ఉన్నానప్పా.”

“ఏల అన్నావురా?”

“హాల్లో ఈగలు కూడా లేవు. మొదటి రెండ్రోజులు కాశీబుగ్గ కాలేజీ పిల్లలొచ్చి ఈలలేసి ఎలిపోనారు. మూడోరోజు నించి కాళీ. గౌరీశంకర్ నన్ను పిలిసి, ‘తాతా, ఊళ్ళమీంచి జనాన్ని తెత్తే మైకు నీదే. లేపోతే వచ్చే సినిమా నించీ ప్రచారమంతా ఫోన్లోనే’ అన్నాడు. ముప్పయ్యేళ్ళ మైకప్పా.”

“ఊళ్ళు తిరగలేదా?”

“హరిపురం ఎల్లాను. మందస ఎల్లాను. బీచి రోడ్డంట అన్ని ఊళ్ళూ తిరిగినాను. అలోరా వత్తంది, అలోరా వత్తంది అని గొంతు బొంగురుపోయింది. ఒక ముసిలాయన ఆటోకి అడ్డమొచ్చి, ‘ఎవులబ్బీ ఆవిడ, ఏ పార్టీ’ అనడిగినాడు.”

“నవ్వించీకు. కుట్లు లాగుతాయి.”

“కుట్లేసినారేటి?”

“పడినప్పుడు కుర్సీ సెక్క తగిలింది. నుదుటి మీద. నాలుగు కుట్లు. ముసుగులో కనపడ్డంలేదు. సెప్పు, తరవాత?”

“నాకు తెలీదప్పా. నాలుగు కుట్లా.”

“తరవాత ఏటయింది సెప్పమంటన్నాను.”

“జీడిపిక్కల కార్ఖానాకాడ ఆపితే ఒక్క ఆడమనిషి తలెత్తలేదు. ఆఖరికి మన పేటకొచ్చినాను. గుళ్ళోంచి స్త్రీల సమాజం ప్రార్థన ముగించి బైటకొత్తన్నారు. సమాజం పెద్ద రత్నాలమ్మ ఆటో మీద బొమ్మకేసి సూసి ఆగిపోయింది. తెల్లగౌను. సేతులు రెండూ పైకెత్తి కళ్ళు మూసుకున్నాది. తల ఎనకాల వెలుగు. ‘ఎవులు లూకా ఈ దైవజనురాలు’ అనడిగింది.”

“నువ్వేటన్నావు?”

“ఏటీ అన్లేదు.”

“ఏటీ అన్లేదా.”

“మైకు నోటికాడే ఉంది. ‘మహా సంగీత కూటం. బుధవారం మధ్యాహ్నం పలాసలో. కుటుంబ సమేతంగా తరలిరండి’ అనీసినాను. సినిమా అన్న మాట మింగీసినాను.”

“సినిమాహాల్లో కూటమేటని ఎవులూ అడగలేదా?”

“అడిగినారు. జనం ఎక్కువ, ఏ గుడీ సాలదు, అందుకే హాలు తీసుకున్నారన్నాను. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో నాకే తెలీదు. దానంతటదే వచ్చీసింది.”

“మన సంఘంలో మనిషి సినిమాహాలు గడప తొక్కడని తెలుసు గదా నీకు.”

“తెలీకేటి. హాలు కూడు తింటన్నానని ముప్పయ్యేళ్ళుగా నన్ను ఎనక బెంచీలో కూసోబెడతన్నారు.”

“ఆళ్ళనే తెచ్చి గడప తొక్కించినావు.”

“తొక్కించినాను. ఇరవైరెండు మంది. తెల్లసీరలు, సంకలో బైబిళ్ళు. పాసింజరులో సుమ్మాదేవి నించి పలాసదాకా పాడుకుంటా వచ్చినారంట.”

“పాడినాం. టీటీ కూడా తలూపినాడు.”

“గేటుకాడ రత్నాలమ్మ నన్ను సూసి, ‘లూకా, దేవుడు నీ మైకుని ఇన్నాళ్ళకి వాడుకున్నాడు’ అన్నాది. అక్కడ సెప్పీవలసింది.”

“ఏల సెప్పలేదు?”

“అడక్కప్పా.”

“అడుగుతన్నాను.”

“ఆ మాట నాకు బాగుంది. ముప్పయ్యేళ్ళలో సంఘం మనిషి నన్ను మెచ్చుకోడం అదే. ఇంకొంచెంసేపు ఉండనీ అనుకున్నాను. అంతలో బెల్లు కొట్టీసినారు.”

“లోపలికి రాలేదు నువ్వు.”

“తలుపు సందులోంచి సూసినాను. దీపాలు ఆర్పగానే అందరూ ముసుగులేసుకుని లెగిసి నిలబడ్డారు. అది సూసినాక ఇంక సూడలేకపోయినాను.”

“నిలబడ్డాం. డప్పులు మొదలైనాయి. పొగొచ్చింది. పొగలోంచి ఆ పిల్లొచ్చింది. రత్నాలమ్మ స్తోత్రం అన్నాది. మొదటి పాటకి తెల్లగౌను. రెండో పాటలో అది ఇప్పీసి అవతల పారేసింది, లోపల ఎండిరంగు నిక్కరు. మూడో పాటకి ఎర్రది. నాలుగోదానికి నిండా ఈకలు, కోడిపుంజులాగ.”

“అన్నీ గుర్తెట్టుకున్నావేటి?”

“కళ్ళెదురుగా అంత పెద్దగా ఉంటే ఏటి సెయ్యమంటావు.”

“రత్నాలమ్మ ఏటి సేసింది?”

“కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన మొదలెట్టింది. మిగతావోళ్ళందరూ ఆవిడ ఎనకాల ప్రార్థన సేసినారు, ఒక కన్ను తెరిసి.”

“ఎలిపోదామనలేదా?”

“ఇంటర్వెల్లుకి దీపాలెలిగినాక అన్నాది. అందరూ లెగిసినారు. నేనూ లెగిసినాను. తరవాత నాకు తెలీదు.”

“పొద్దున్నించి గుటక నీళ్ళు తాగలేదు నువ్వు. మాత్రలేసుకోలేదు. కూటానికి ఉపాసముండి రావాలని రత్నాలమ్మ సెప్పింది. కూటమని రత్నాలమ్మకి నేను సెప్పినాను. నువ్వు పడిపోడం నా వల్లే అప్పా. ఆ కుట్లు నా వల్లే.”

“కుట్లు కుర్సీ వల్ల.”

“అలగనీకు. తిట్టు. తిట్టమనే వచ్చినాను.”

“తిట్టే ఓపిక లేదు.”

“ఆటోలో నిన్ను ఆసుపత్రికి తీసుకెల్తన్నప్పుడు ఏటైందో తెలుసా నీకు?”

“ఏటైంది?”

“ఆ మైకు. ఆ కూటం మాటే తరవాత రికార్డు సేసి పెన్‌డ్రైవులో ఎట్టినాను. తాళం తిప్పితే దానంతటదే మోగుతాది, స్విచ్చి ఎప్పుడో ఇరిగిపోయింది. ఆపి వైరు పీకుదామంటే ఎనకసీట్లో నువ్వు తల వాల్చీసి ఉన్నావు, రత్నాలమ్మ నీ అరిసేతులు రుద్దుతా ఏడుత్తంది. ఆపలేదు. కాశీబుగ్గ బజారంతా నా గొంతే. మహా సంగీత కూటం, తరలిరండి, తరలిరండి అని. జనం నవ్వుకుంటా దారిత్తన్నారు.”

“విన్నాను.”

“తెలివి లేదనుకున్నాను.”

“కళ్ళు తెరవలేకపోయినాను గాని అంతా విన్నాను. నీ గొంతు మైకులో బాగుంటాదిరా. మనిషి ఎదురుగుంటే నసుగుతావు గాని.”

“రేపు బల్ల ఆదివారం అప్పా.”

“తెలుసు.”

“ఎవులికి కీడు సేసినామో ఆళ్ళకాడికెల్లి ఒప్పుకుని, ఆళ్ళ నోట క్షమించినానన్న మాట విన్నాకే ప్రభువు బల్లకాడ రొట్టె ముట్టాలి. మన సంఘంలో పెద్దలకాలం నించి అదే పద్ధతి.”

“నాకు సెప్తావేటి. ఆ పద్ధతి ఎట్టినోళ్ళలో మా ఆయనొకడు.”

“అందుకే వచ్చినాను. నువ్వు ఆ మాట అను. రేపు దానయ్య పాస్టరుగారి ముందు, సంఘమంతటి ముందూ నేను లెగిసి సెప్తాను. రత్నాలమ్మ తప్పేటీ లేదు, అంతా నాదే అని.”

“రత్నాలమ్మకి ఏటైంది?”

“నీకెవులూ సెప్పలేదా? సమాజం పెద్దరికం నించి తీసేత్తారంట రేపు. ఆడోళ్ళని హాలుకి తీసుకెల్లిందని. రెండ్రోజులుగా గడప దాటలేదు. మొన్న నూతికాడ ఎవులో ‘అలోరమ్మ’ అని పిలిసినారంట.”

“రత్నాలమ్మనా.”

“ఆ. ఇంట్లోకెల్లి తలుపేసుకుంది.”

“నువ్వు లెగిసి సెప్తే నిన్ను ఎలేత్తారు లూకా. ఎనక బెంచీ కూడా ఉండదు.”

“ఎలేసీనీ. ఇంకొకటి కూడా సెప్పాలి నీకు. గురువారమే తీసీవలసిన సినిమా. ఇరవైరెండు టిక్కెట్లు ఒక్కసారి తెగినాయని రేపటిదాకా ఉంచినాడు గౌరీశంకర్. ‘తాతా, నువ్వుండగా ఫోన్లెందుకు’ అని నా భుజం తట్టినాడు. ఆ సెయ్యి ఇంకా భుజం మీదే ఉన్నట్టుంది.”

“రేపటిదాకానా?”

“రేపు మధ్యాహ్నం ఆటే ఆఖరు.”

“ఎన్నింటికి?”

“రెండున్నరకి. ఏల?”

“ఏటీలేదు.”

“అప్పా, ఆ మాట అను. క్షమించినాను లూకా అను. ఎలిపోతాను.”

“అన్లేను.”

“అప్పా.”

“అన్లేనురా.”

“అంత కోపముంటే ఉండనీ. రేపు ఒప్పుకుంటాను, రొట్టె ముట్టను. బొండాలు అనూషకియ్యి. వత్తాను.”

“కూసో. కోపం కాదు. ఆ మాట అనే మొహం నాకు లేదు.”

“నీకా?”

“ఈ కాయితం ఎప్పట్నించి ఉందని అడిగినావు గదా.”

“ఆ.”

“నువ్వు మన పేటకి రాకముందు వారం. ఆసుపత్రి గేటుకాడ పంచుతుంటే తీసుకున్నాను. నేనే అడిగి తీసుకున్నాను.”

“అడిగి తీసుకున్నావా?”

“డయాలసిస్సుకి ఎల్లినప్పుడు నా పక్క మంచంలో మందస గుంట ఒకర్తి ఉండీది. ప్రియ. పందొమ్మిదేళ్ళు. నాలుగ్గంటలు రక్తం అటెల్లి ఇటొత్తంటే ముసిల్దానికీ గుంటకీ మాటలేటుంటాయి. ఫోను తీగ ఒకటి దాని సెవిలో ఎట్టుకునీది, రెండోది నా సెవిలో ఎట్టీది.”

“భక్తి పాటలా?”

“అలోరా పాటలు. రెండేళ్ళు విన్నాను. ముక్క అర్థం కాదు. వినకపోతే సూది నొప్పి తెలిసీది. ‘ఈవిడ సినిమా వత్తంది మామ్మా, పలాస వత్తే మనిద్దరం ఎల్దాం’ అనీది. ఆఖర్న ఒక పాటుందంట, అది దానికి పేణం.”

“ఇప్పుడెక్కడుందా గుంట?”

“వానాకాలంలో ఒక సోమవారం వచ్చేసరికి ఆ మంచం మీద వేరే మనిషున్నాడు.”

“అయ్యో.”

“ఎల్దాం అన్నాను దాన్తోటి. మాటిచ్చినాను.”

“అయితే ఆటో మీద బొమ్మ నీకు...”

“నువ్వు మైకు నోటికాడ ఎట్టుకోక ముందే తెలుసు.”

“సినిమా అని తెలిసీ...”

“సంఘపెద్ద పెళ్ళాన్ని. యాభయ్యేళ్ళు ఆ హాలుకేసి తల తిప్పలేదు. ఒక్కర్తినే ఎలగ ఎల్తానురా? అనూషని అడిగినా సిగ్గే. నువ్వొచ్చి కూటమన్నావు.”

“నా అబద్ధం...”

“నీ మాట ఎవులు నమ్మినారురా పిచ్చోడా. రత్నాలమ్మ ఆ సాయంత్రమే ఈ మంచం కాడికొచ్చి, ‘లూకా మాట నమ్మడానికి లేదప్పా, నువ్వు సదువుకున్నదానివి, అది కూటమేనా’ అనడిగింది. అప్పుడు కూడా ఈ కాయితం ఈ తలగడ కిందే ఉంది. కూటమేనన్నాను. అందరం ఎల్దామన్నాను.”

“మరి ఉపాసం?”

“కూటమేనని సెప్పినదాన్ని, నేనే ఉండకపోతే అనుమానపడతారు. అందుకని ఉన్నాను.”

“అప్పా.”

“సెయ్యందియ్యి, లెగుత్తాను. ముందు రత్నాలమ్మ ఇంటికి తీసుకెల్లు. నువ్వు నా కాడికొచ్చినట్టు నేను దాని కాడికెల్లాలి. రేపు గుళ్ళో ముందు నేను లెగుత్తాను, నా ఎనక నువ్వు లెగు.”

“ఇద్దర్నీ ఎలేత్తారప్పా.”

“ఎలేసినాక ఎక్కడికెల్లాలో తెలుసు గదా. ఆ ఆఖరి పాట నేనింకా సూడలేదు, రెండున్నర ఆటకి అందేలాగ ఆటో తెచ్చి గుడి ముందర ఎట్టు. మైకు మోగనీ. ఈసారి సినిమా అనే సెప్పు.”