గుమ్మం పక్కన స్విచ్చి

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చెవులు వినపడని పిల్లల కోసం పెట్టిన ప్రత్యేక తరగతి అది. బయట వరండాలో ఒక తల్లి, ఆ తరగతి టీచరు నిలబడి ఉన్నారు.

“మీ సైగల చదువు మాకొద్దు టీచరుగారూ. మా అమ్మాయిని మాన్పించేస్తాను.”

“అదేంటమ్మా? చక్కగా చదువుతోందిగా!”

“చదువు సరే, ఇక్కడ చేరాక మొండితనం నెత్తికెక్కింది. నేను వంటింట్లో పనిలో ఉంటే చాలు, వచ్చి లైటు స్విచ్చి టకటకా వేసి తీస్తుంది. మొన్న ఒళ్ళు మండి చేతి మీద ఒక్కటిచ్చాను.”

“అప్పుడేం చేసింది?”

“ఏం చేస్తుంది? మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. అప్పట్నుంచి స్విచ్చి జోలికి రావట్లేదు. నా జోలికీ రావట్లేదు.”

“ఒక్కసారి లోపలికి చూడండమ్మా.”

తరగతిలో లైటు ఆరి, వెలిగింది. పిల్లలంతా తలలెత్తి, స్విచ్చి దగ్గరున్న ఇంకో అమ్మాయి చేతులకేసి చూశారు.

“ఇదే ఆట! మీరేమీ అనరా?”

“ఆట కాదమ్మా. వీళ్ళకి కేకేస్తే వినపడదు కదా. ‘ఇటు చూడండి, మీకో మాట చెప్పాలి’ అని ఇక్కడ అలాగే పిలుచుకుంటారు.”

“అయితే అది... నన్ను పిలిచిందా?”

“మిమ్మల్నే.”

“ఏం చెప్పాలనుకుందో ఏమో!”

“అడగండి. అదిగో మీ అమ్మాయి, మనకి వీపు పెట్టి కూర్చుంది.”

“నాకు ఆ సైగలు రావుగా టీచరుగారూ.”

“నేను పక్కనుంటాను. ముందు పిలవండి.”

“లైటు స్విచ్చి ఏదండీ?”