రోలంత రాయి

చోటే మియా ఆ రోజు రేగుగింజంత రాయితోనే కథ మొదలుపెట్టాడు. హైదరాబాదు దవాఖానలో మూత్రంరాళ్లు తీసే పెద్ద డాక్టరు దగ్గర తొమ్మిదేండ్లు పనిచేసొచ్చిన మనిషాయన. చేసిన పని కత్తులూ గొట్టాలూ ఉడకబెట్టడమే. ఆ సంగతి పెబ్బేరు సంతలో ఎవరికీ తెలియదు గనక బషీర్ చాయ దుకాణంలో ఆయనే డాక్టరు. జర్మనోళ్ల లడాయి నడుస్తున్న రోజులు, చక్కెర దొరక్క చాయలో బెల్లమే వేస్తున్నాడు బషీర్. అయినా జనం కదలడం లేదు.

“డాక్టరుసాబ్ చేతికి అందలె. ‘చోటే, నువ్వు తియ్యి’ అన్నడు. రెండు వేళ్లతోని గిట్ల గుంజిన. ఠక్కున వచ్చింది!”

“రెండు వేళ్లతోనా!” అన్నాడు ఎద్దుల బేరగాడు నాగప్ప.

“ఆ తర్వాత ఏమైందో తెల్సా? అమరచింత సావుకారొచ్చిండు, లోపల నిమ్మకాయంత రాయి. వాని తమ్మునికి కొబ్బరికాయంత. ఆఖరికి అల్లుడొచ్చిండు...”

“అల్లునికెంత?”

“రోలంత! డాక్టరుసాబ్ కత్తి ఇరిగింది. పాపం, పరేషానై బయట కూసున్నడు. నేను రాయికి మోకు కట్టి, ఆ కొసకు ఎద్దుల జతను కట్టి, హై అన్న. రాయొచ్చింది గాని ఎద్దులు ఆగలె, గద్వాల దాంక ఉరికినయి. ఆ రోట్లనే వాళ్లింట్ల ఇప్పటికీ తొక్కు నూరుతున్నరు!”

అందరూ పడీపడీ నవ్వారు. రోడ్డు మీద బండి ఆపి వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డ ఈరన్న ఒక్కడే నవ్వలేదు.

“మూత్రం బందైనోనికి ఏం జెయ్యాలె మియా?”

“ఉలవకట్టు! కుండెడు తాపాలె. లోపల నిండి నిండి, రాయి తుపాకి గుండు లెక్క ఎగురుతది. ఒకనికి గట్లనే ఎగిరి దవాఖాన కప్పుకు బొక్క పడ్డది!”

ఈరన్న రోడ్డు మీది బండివైపు తిరిగి కేకేశాడు. “వదినా, ఉలవకట్టు ఇంకింత తాపు!”

బండిలోంచి మూలుగు వినబడింది. చోటే మియాకు భయమేసింది. లేచి పరుగెత్తాడు. ఈరన్న అన్న రామన్న కడుపు పట్టుకుని ముడుచుకుని ఉన్నాడు. భార్య రేణుకమ్మ అతని నోటికి చెంబు ఆనిస్తోంది.

“తాపకు!” చెంబు లాక్కున్నాడు చోటే మియా. “ఎప్పటిసంది బందైంది?”

“నిన్న పొద్దుగాల్నించి సుక్క పడలె. రెండు చెంబులు తాపిన.”

ఇట్లా కట్టు తాగించి తెచ్చిన మనుషులను ఆయన దవాఖానలో చూశాడు. వాళ్లలో కొందరు బతకలేదు.

“నీ మాటలన్నీ ఇన్న,” అంది రేణుకమ్మ. “నువ్వే తియ్యి మరి.”

సంత జనమంతా బండి చుట్టూ చేరారు. చోటే మియా చెంబు కింద పెట్టాడు.

“నాకు రాదమ్మా. నేనొక్క రాయి గూడ తియ్యలె. డాక్టరు గొట్టం పెట్టి నీళ్లు తీస్తడు, నేను ఆ గొట్టాలు ఉడకబెట్టెటోన్ని. ఇంక సుక్క గూడ తాపకుండ్రి. జల్ది వనపర్తి దవాఖానకు తోలుండ్రి!”

ఎవరూ నవ్వలేదు. ఈరన్న బండెక్కి పగ్గాలు అందుకున్నాడు.

“ఆడికే పోతుంటిమి మియా,” అన్నాడు. “ఈడ రాళ్లు తీసే డాక్టరున్నడని నీ పేరు చెప్పిండ్రు. పొద్దుగాల్నించి నీకోసమే బండి ఆపుకొని ఉన్నం.”